కబురు ఏ దిక్కు నుంచి వస్తోంది?



సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద అల్వాల్ దాటితే హకీంపేట వైమానిక స్థావరం. ఇంకొంచెం ముందుకు పోతే తూంకుంట, ఆ తర్వాత శామీర్‌పేట చెరువు. అటు మేడ్చల్‌కు పడమరగా దుండిగల్, అక్కడ వైమానిక దళ అకాడమీ. ఈ పల్లెల్లో పెరిగిన పిల్లలకు విమానం చప్పుడు పొద్దున్నే వినబడే పిట్టకూత లాంటిది, ప్రత్యేకంగా తలెత్తి చూడరు. అయితే ఇక్కడ తక్కువ ఎత్తులో తిరిగే శిక్షణ విమానాలు ధ్వని వేగానికి బాగా కిందే ఉంటాయి. ఈ రోజు నేను చెప్పదలుచుకున్న సంగతి వాటిది కాదు. వాటి పైన, 11 కిలోమీటర్ల ఎత్తులో, తెల్లటి చారలు గీసుకుంటూ పోయే ప్రయాణికుల విమానాలది. వాటి రెక్కల చుట్టూ గాలి ఎలా పోతుందో కంప్యూటర్‌తో లెక్కకట్టే విద్య ఒకటుంది. ఆ విద్యలో ఈ శామీర్‌పేట పరిసరాలకూ మన హైదరాబాద్ నగరానికీ నిజమైన వాటా ఉంది. అది చాలామందికి తెలియదు కాబట్టే ఈ ప్రసంగం.

ముందు ధ్వని వేగం సంగతి చూద్దాం. మే నెల మధ్యాహ్నం మేడ్చల్‌లో 40 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు ధ్వని సెకనుకు సుమారు 355 మీటర్లు పోతుంది. 11 కిలోమీటర్ల ఎత్తున సున్నాకు 56 డిగ్రీలు కిందనుండే చలిలో అదే ధ్వని సెకనుకు 295 మీటర్లే పోగలదు, అంటే గంటకు 1,062 కిలోమీటర్లు. మనం ఎక్కే మామూలు జెట్ విమానం అక్కడ గంటకు 830 కిలోమీటర్ల దాకా పోతుంది. విమాన వేగాన్ని ధ్వని వేగంతో భాగిస్తే వచ్చేదే మాక్ సంఖ్య. ఇక్కడ అది సుమారు 0.78. ఒకటికి లోపే ఉంది కాబట్టి విమానం ధ్వని వేగాన్ని దాటలేదు. కానీ రెక్క పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది. దాని మీదుగా పోయే గాలి ఇంకా వేగం పుంజుకుని, రెక్క మీద కొంత మేర ధ్వని వేగాన్ని దాటేస్తుంది. విమానం దాటలేదు, దాని రెక్క మీద గాలి దాటింది. కొంత భాగం ధ్వనికి లోపల, కొంత భాగం ధ్వనికి పైన ఉండే ఈ కలగాపులగపు ప్రవాహాన్నే ట్రాన్సానిక్ అంటారు.

ఇందులో చిక్కు ఏమిటో ఒక పోలికతో చెబుతాను. పూర్వం ఊళ్లోకి పెద్ద అధికారి వస్తుంటే ముందుగా ఒకడు టముకు కొడుతూ చాటింపు వేసేవాడు. జనం దారి ఇచ్చేవారు. గాలిలో ఆ చాటింపు పని ధ్వనిది. రెక్క వస్తోందన్న కబురు పీడనంలో చిన్న మార్పుగా ధ్వని వేగంతో ముందుకు పోతుంది, ఎదుటి గాలి పక్కకు తప్పుకోవడం మొదలెడుతుంది. ధ్వని కంటే వేగంగా వచ్చేవాడి ముందు చాటింపు వేసేవాడు పరుగెత్తలేడు. అక్కడ గాలికి కబురు అందదు. వచ్చి మీద పడ్డాకే తెలుస్తుంది.

రెక్క మీద ధ్వనిని దాటిన ఆ గాలి తోక అంచుకు చేరేలోగా మళ్లీ నెమ్మదించాలి. వెనక పీడనం ఎక్కువగా ఉందన్న కబురు దానికి ఎదురెక్కి రాలేదు. అందుకే చాలాసార్లు నెమ్మదించడం అంతా ఒక్కచోటే జరిగిపోతుంది. మైక్రాన్ల మందం ఉన్న ఒక పొరలో పీడనం, సాంద్రత, ఉష్ణోగ్రత అమాంతం పెరిగిపోతాయి. అదే షాక్ వేవ్. ఎండ సరైన కోణంలో పడినప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవారికి రెక్క మీద సన్నటి నీడగీతలా ఇది కనబడుతుంది కూడా. ఆ షాక్ బలపడితే ఇంజన్‌కు ఇంధన ఖర్చు పెరుగుతుంది, ఎందుకంటే షాక్ దగ్గర గాలి శక్తి కొంత వేడిగా వృథా అవుతుంది, అది విమానాన్ని వెనక్కి లాగే బలంగా తేలుతుంది. ఇంకా బలపడితే రెక్కకు అంటి ఉన్న పలచటి గాలిపొర విడిపోతుంది, షాక్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది, రెక్క వణుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిట్టనిలువుగా కిందికి దూకిన యుద్ధవిమానాలు కొన్ని పైలట్ చేతికి లొంగకుండా పోయింది ఈ కారణంతోనే.

మరి ఈ షాక్ ఎక్కడ ఏర్పడుతుందో, ఎంత బలంగా ఉంటుందో విమానం కట్టకముందే తెలియాలి కదా. గాలి సొరంగంలో నమూనా పెట్టి చూడొచ్చు. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో 1.2 మీటర్ల సొరంగం 1960ల నుంచీ ఆ పనే చేస్తోంది. అయితే మాక్ 1 దగ్గర సొరంగం గోడలు కూడా ప్రవాహంలో వేలుపెడతాయి, వాటికి చిల్లులు పెట్టాలి, తర్వాత ఫలితాలను దిద్దాలి. వందల ఆకారాలను అలా పరీక్షిస్తూ కూర్చోవడం ఎవరి వల్లా కాదు. కాబట్టి లెక్క కట్టాలి.

లెక్క అంటే ఏమిటి? రెక్కను నిలువుగా కోస్తే కనబడే ఆకారాన్ని ఏరోఫాయిల్ అంటారు. దాని చుట్టూ ఉన్న చోటును వేల చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలో గాలి సాంద్రత, వేగం, పీడనం ఎంతో కనుక్కోవాలి. ద్రవ్యం, ద్రవ్యవేగం, శక్తి ఎక్కడా పోకుండా, ఎక్కడా పుట్టకుండా పొరుగు గడుల మధ్య జమాఖర్చు సరిపోవాలి. ఇంతవరకూ తేలికే. మెలిక తర్వాత ఉంది. ధ్వనికి లోపలి ప్రవాహంలో ఒక బిందువుకు కబురు నాలుగు దిక్కుల నుంచీ వస్తుంది. వెనకేం ఉందో ముందున్న గాలికి తెలుసు. ధ్వనికి పైన కబురు ఎగువ నుంచే వస్తుంది. అంటే ఒకే బొమ్మలో రెండు స్వభావాల గణితం పక్కపక్కనే ఉంది. వాటి మధ్య సరిహద్దు ఎక్కడో ముందుగా తెలియదు, అదీ లెక్కలోంచే తేలాలి.

ఈ ముడి విప్పింది 1971లో అమెరికాలోని బోయింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన ఎర్ల్ మర్మన్, జూలియన్ కోల్. వారి ఆలోచన వింటే ఇంతేనా అనిపిస్తుంది. ప్రతి బిందువు దగ్గర ముందు ఒక ప్రశ్న వెయ్యి: ఇక్కడ గాలి ధ్వనికి లోపల ఉందా, పైన ఉందా? లోపల ఉంటే అటూ ఇటూ ఉన్న ఇద్దరు పొరుగువాళ్లనూ లెక్కలోకి తీసుకో. పైన ఉంటే ఎగువనున్న పొరుగువాణ్ణి మాత్రమే తీసుకో, దిగువవాణ్ణి అడగకు. ఇలా చేస్తూ లెక్కను మళ్లీ మళ్లీ తిప్పితే షాక్ తనంతట తానే సరైన చోట వచ్చి కూర్చుంది. అంతకుముందు ఎంతో మంది పెద్ద గణితవేత్తలు చేతులెత్తేసిన సమస్య అది. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు ఇంజనీరింగ్‌లో వచ్చిన గొప్ప ఊహల్లో ఇదొకటి. ఆ తర్వాత ఈ రంగంలో వచ్చిన ప్రతి పద్ధతీ ఒక్క ప్రశ్నకు సమాధానమే: ఈ బిందువుకు కబురు ఏ దిక్కు నుంచి వస్తోంది?

మర్మన్, కోల్ సమీకరణం సరళం చేసినది, పలచటి రెక్కలకే నప్పుతుంది. దాన్ని పూర్తి ఆకారాలకూ, తర్వాత మూడు కొలతల రెక్కలకూ తీసుకెళ్లినవాడు ఆంటొనీ జేమ్సన్. ఆయన చిన్నతనం మన దేశంలోనే గడిచింది, తండ్రి బ్రిటిష్ సైన్యంలో అధికారి కావడంతో సిమ్లాలో మొదటి బడికి వెళ్లాడు. 1981లో జేమ్సన్, వోల్ఫ్‌గాంగ్ ష్మిట్, ఎలి టర్కెల్ కలిసి రాసిన పద్ధతిని ఈనాటికీ విమాన సంస్థలు వాడుతున్నాయి. అందులో గడులన్నీ రెండు పక్కల పొరుగునూ సమానంగానే చూస్తాయి. కానీ పీడనం ఎక్కడ హఠాత్తుగా మారుతోందో కనిపెట్టే ఒక సూచిక ఉంటుంది. అక్కడ మాత్రం లెక్కలో కొంచెం జిగట కలుపుతారు, అది షాక్ చుట్టూ పుట్టే దొంగ అలలను అణుస్తుంది. జిగట తక్కువైతే లెక్క ఊగిపోతుంది. ఎక్కువైతే షాక్ అలుక్కుపోయి, రెక్కకు లేని నిరోధం ఉన్నట్టు చూపిస్తుంది. అంతకు చాలా ముందే, 1959లో, సోవియట్ గణితవేత్త సెర్గేయ్ గొడునోవ్ ఒక హద్దు నిరూపించాడు. స్థిర గుణకాలతో నడిచే సరళ పద్ధతి ఏదైనా దొంగ అలలు పుట్టించకుండా ఉండాలంటే దాని కచ్చితత్వం మొదటి తరగతిని దాటలేదు, అంటే బిందువుల మధ్య దూరాన్ని సగం చేస్తే తప్పు సగానికే తగ్గుతుంది. అందుకే మంచి పద్ధతులన్నీ ప్రవాహాన్ని చూసి తమను తాము మార్చుకుంటాయి.

పద్ధతి సరైనదో కాదో తేల్చడానికి ప్రపంచమంతా ఒప్పుకున్న పరీక్షలు కొన్ని ఉన్నాయి. అందులో నాకు బాగా ఇష్టమైనది నాకా 0012 అనే ఏరోఫాయిల్. పైనా కిందా ఒకేలా ఉంటుంది, మందం పొడవులో 12 శాతం, పేరులో చివరి రెండంకెలు చెప్పేది అదే. దాన్ని మాక్ 0.8 గాలిలో ఒకటింపావు డిగ్రీ పైకి ఎత్తి పెట్టాలి. గాలికి జిగట లేదనుకోవాలి. పైభాగంలో ముందు అంచు నుంచి సుమారు 62 శాతం దూరంలో గట్టి షాక్ వస్తుంది, కిందిభాగంలో 35 శాతం దగ్గర బలహీనమైన షాక్ వస్తుంది. లేపే బలం గుణకం 0.35కు కాస్త పైన, నిరోధ గుణకం 0.022 నుంచి 0.023 మధ్య రావాలి. ఇక్కడొక విశేషం గమనించండి. జిగట లేని గాలిలో నిరోధం సున్నా అని పద్దెనిమిదో శతాబ్దంలోనే గణితవేత్త డాలంబెర్ చూపించాడు. అయినా ఇక్కడ సున్నా రాలేదు. ఆ 0.022 అంతా షాక్ వసూలు చేసిన సుంకం. కిందనున్న బలహీనమైన షాక్‌ను పట్టుకోవడమే కష్టం. చాలా ప్రోగ్రాములు దాన్ని అలికేస్తాయి.

షాకే లేకుండా రెక్క చేయలేమా అని అడగొచ్చు. చేయొచ్చు, ఒక్క వేగానికి, ఒక్క కోణానికి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని కురాంట్ సంస్థ గణితవేత్త కాథ్లీన్ మొరావెట్జ్ 1950లలోనే నిరూపించింది, అలాంటి ఆకారాన్ని రవ్వంత మార్చినా షాక్ లేని సాఫీ ప్రవాహం నిలవదని. ఇంజనీర్లు ఆ ఫలితాన్ని చూసి నిరాశపడలేదు. పూర్తిగా పోకపోతేనేం, బలహీనంగా ఉంచితే చాలనుకున్నారు. నాసాలో రిచర్డ్ విట్‌కూంబ్ పైభాగం చదునుగా, తోక దగ్గర కింద కాస్త లోపలికి వంగినట్టుగా ఉండే రెక్క ఆకారాన్ని రూపొందించాడు. 1971లో దాన్ని విమానం మీద ఎగరేసి చూశారు. నేటి ప్రయాణికుల విమానాల రెక్కలు ఆ వంశానివే.

ఇంకో సంగతి మరీ ఆశ్చర్యమైనది. కొన్ని ఆకారాలకు, కొన్ని వేగాల దగ్గర, ఒకే కోణంలో ఒకటికి మించి సమాధానాలు వస్తాయి. 1980ల మొదట్లో జాన్ స్టైన్‌హాఫ్, జేమ్సన్ దీన్ని సరళమైన సమీకరణాల్లో చూశారు. ఆ సమీకరణం లోపమేమో అని కొందరనుకున్నారు. 1991లో జేమ్సన్ జిగట లేని గాలికి పూర్తి సమీకరణాలైన ఆయిలర్ సమీకరణాలతోనూ అలాంటి ఏరోఫాయిళ్లను చూపించాడు. లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టారన్న దాన్ని బట్టి షాక్ ఇక్కడా కూర్చోవచ్చు, అక్కడా కూర్చోవచ్చు. కంప్యూటర్ ఒక జవాబు చూపించగానే అదే నిజమనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణను గుర్తుపెట్టుకోవాలని నా విన్నపం.

ఇక మన దేశానికి వద్దాం. 1980లలో ఈ లెక్కలకు సూపర్ కంప్యూటర్ కావాలి. అమెరికా అమ్మడానికి సందేహించేది. వాతావరణ అంచనాల కోసం మాత్రం క్రే అనే ఒక సూపర్ కంప్యూటర్‌ను షరతుల మీద ఇచ్చింది. విమానాలకూ క్షిపణులకూ వాడుకుంటారన్నదే వాళ్ల భయం. అప్పుడు బెంగళూరు వైమానిక ప్రయోగశాలకు డైరెక్టర్ రొద్దం నరసింహ. ఆ ఇంటిపేరు మన అనంతపురం సీమలోని రొద్దం ఊరిదే. ఆయన హయాంలో, 1986లో, మామూలు మైక్రోప్రాసెసర్లను జతకలిపి ఫ్లోసాల్వర్ అనే సమాంతర కంప్యూటర్‌ను తయారుచేశారు. పేరులోనే దాని పని ఉంది: ప్రవాహాలను సాధించడం.

రెండేళ్లకు, 1988లో, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన సంస్థ అనురాగ్ అనే ప్రయోగశాలను పెట్టింది. గాలి ప్రవాహాల లెక్కలు దాని తొలి లక్ష్యాల్లో ఒకటి. ఆ ఏడాదే అక్కడ మొదలైన సమాంతర కంప్యూటర్ పేరు పేస్. ప్రాసెసర్ ఫర్ ఏరోడైనమిక్ కంప్యూటేషన్స్ అండ్ ఎవాల్యుయేషన్ అన్నది దాని పూర్తి పేరు. మొదటి నమూనాకు మోటరోలా 68020 ప్రాసెసర్లు వాడారు, తర్వాత 68030తో 128 నోడ్ల దాకా పెంచారు. ఆ వేగం ఈనాటి చేతిఫోన్ ముందు చిన్నదే. కానీ ప్రవాహాన్ని ముక్కలుగా పంచి, ప్రతి ముక్కను ఒక ప్రాసెసర్‌కు అప్పగించి, సరిహద్దు గడుల సమాచారం ఒకదానికొకటి పంపుకునేలా చేయడం అక్కడి ఇంజనీర్లు సొంతంగా నేర్చుకున్నారు. సైబర్ నగరమని మనం గొప్పగా చెప్పుకునే హైదరాబాద్‌లో మొదట కట్టిన సమాంతర కంప్యూటర్లలో ఒకటి రెక్క చుట్టూ గాలి కోసం కట్టినదని మన పిల్లల పాఠాల్లో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇప్పుడు నగరం ఉత్తరపు అంచుకు, శామీర్‌పేట దారిలోని జవహర్‌నగర్‌కు వెళ్దాం. అక్కడ 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం ఉంది. అక్కడి గణిత విభాగంలో అనిల్ నెమిలి, ఆయన విద్యార్థులు పనిచేస్తున్న పద్ధతికి ఎల్‌ఎస్‌కమ్ అని పొట్టిపేరు. కనిష్ఠ వర్గాల గతిజ ఎగువాధార పద్ధతి అని తెలుగులో చెప్పుకోవచ్చు గానీ, పేరు కన్నా లోపలి ఊహ ముఖ్యం. దీనికి మూలం బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎస్.ఎం. దేశ్‌పాండే, ఆయన శిష్యులు 1980ల నుంచి పెంచిన గతిజ పద్ధతులు.

ఆ ఊహ ఇది. గాలి అంటే అణువుల గుంపు. నిలకడగా ఉన్న గాలిలో కూడా అణువులు అన్ని వైపులకూ దూసుకుపోతుంటాయి, సగం కుడికి, సగం ఎడమకు. గాలి కుడివైపుకు కదులుతున్నప్పుడు కుడికి పోయే అణువుల వాటా పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో మాక్స్‌వెల్ వేగ పంపిణీ చెబుతుంది. మాక్ 0.8 దగ్గర వందలో సుమారు 83 అణువులు ప్రవాహం వైపు పోతుంటాయి, 17 ఎదురు వస్తుంటాయి. మాక్ 1 దగ్గర 88, 12. మాక్ 1.3 దగ్గర 94, 6. మాక్ 2 దగ్గర 99 మంది ఒకవైపే. ఇప్పుడు కబురు ఏ దిక్కు నుంచి వస్తోందన్న ప్రశ్నకు అణువులే జవాబు చెబుతాయి. కుడికి పోయే అణువులు ఎడమ పొరుగు నుంచి వచ్చినవి, కాబట్టి వాటి లెక్కకు ఎడమ పొరుగువారిని అడుగు. ఎడమకు పోయేవాటి లెక్కకు కుడి పొరుగువారిని అడుగు. తర్వాత రెంటినీ కలుపు. అణువుల స్థాయిలో ఇలా చేసి, సగటులు తీస్తే పైన సాంద్రత, వేగం, పీడనాల సమీకరణాలు వాటంతటవే వస్తాయి.

మర్మన్, కోల్ పద్ధతిలో బిందువు దగ్గర ఆగి లోపలా పైనా అని అడగాలి. ఇక్కడ అడగనక్కర్లేదు. గాలి మాక్ 0.8 నుంచి 1.3కు పోతుంటే ఎగువ పొరుగు బరువు 83 నుంచి 94కు దానంతటదే జరుగుతుంది. ఎక్కడా గీత గీయలేదు, ఎక్కడా మీట తిప్పలేదు. భౌతికశాస్త్రాన్ని లెక్క లోపలికి తెచ్చుకుంటే పని ఇంత సాఫీ అవుతుంది. దీనికి చెల్లించే మూల్యం కూడా చెప్పాలి. ధ్వనికి పైన కూడా కొన్ని అణువులు ఎదురు వస్తున్నాయని చూశాం కదా. దానివల్ల మొదటి తరగతి రూపంలో ఈ పద్ధతి షాక్‌ను కొంచెం పలచగా అలుకుతుంది. అందుకే ఎంట్రపీ చలరాశులు అనే వాటి సాయంతో రెండో తరగతి కచ్చితత్వానికి తెస్తారు. బిట్స్ బృందం వాడేది ఆ రూపాన్నే.

రెండో సుగుణం ఇంకా మేలు చేసేది. ఈ పద్ధతికి గడుల వల అక్కర్లేదు. బిందువులు చల్లితే చాలు. ప్రతి బిందువుకూ దగ్గరి పొరుగువాళ్లెవరో ఒక జాబితా ఉంటే, వాళ్ల దగ్గరున్న విలువల్లోంచి మార్పు రేటును కనిష్ఠ వర్గాల పద్ధతితో తీస్తారు. చెల్లాచెదురు చుక్కల గుండా గీత గీయడానికి వాడే పద్ధతే అది. వల అల్లడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలుసు. ఒక రెక్కకు అల్లొచ్చు. రెక్కకు ఇంజన్, ఇంజన్‌కు స్తంభం, కింద వేలాడే క్షిపణి, క్షిపణికి నాలుగు రెక్కలు ఉంటే ప్రవాహం లెక్క కంటే వల అల్లడానికే ఎక్కువ కాలం పోతుంది. క్షిపణి విడిపోయి కదులుతుంటే ప్రతి క్షణం మళ్లీ అల్లాలి. బిందువులైతే ఒక్కో వస్తువు చుట్టూ ఒక్కో గుంపును తయారుచేసి, ఒకదాని మీద ఒకటి పరిచి, వస్తువు లోపల పడ్డవాటిని తీసేస్తే సరిపోతుంది. మన నగరం మరో అంచున కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ పరిశోధకులు మూడు కొలతల్లో ఇలాంటి వలలేని ప్రోగ్రాము తయారుచేసి, అనేక భాగాలున్న వాహనాలకు వాడి, 2010లో డిఫెన్స్ సైన్స్ జర్నల్‌లో ప్రచురించారు. నగరం ఈ కొసనా ఆ కొసనా ఒకే ఊహ పనిచేయడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

2021లో బిట్స్ బృందం, దేశ్‌పాండే గారూ కలిసి ఒక నివేదిక రాశారు. రెండు కొలతల ప్రవాహాలకు ఈ వలలేని ప్రోగ్రామునే ఫోర్ట్రాన్, సీ ప్లస్ ప్లస్, పైథాన్, జూలియా అనే నాలుగు భాషల్లో రాసి, గ్రాఫిక్స్ ప్రాసెసర్ల మీద నడిపి చూశారు. బిందువుల సంఖ్యను ఏడు మెట్లుగా పెంచుతూ ఏ భాషలో ఎంతసేపు పట్టింది, ఎందుకు పట్టింది అని లోపలికి తొంగిచూశారు. వీడియో గేముల కోసం పుట్టిన ఆ చిప్పులో వేల చిన్న లెక్కలు ఒకేసారి నడుస్తాయి. ప్రతి బిందువూ తన పొరుగువాళ్లను మాత్రమే అడుగుతుంది కాబట్టి ఈ పద్ధతి ఆ చిప్పుకు అతికినట్టు సరిపోతుంది. అనురాగ్‌లో 128 నోడ్లకు పంచిన పనే ఇప్పుడు ఒక్క పలక మీద జరుగుతోంది.

జిగట సంగతి దాటవేయకూడదు. ఇప్పటిదాకా చెప్పిన లెక్కల్లో చాలా భాగం జిగట లేని గాలివి. నిజమైన గాలిలో షాక్ కాస్త ముందుకు జరుగుతుంది, బలం తగ్గుతుంది, ఎందుకంటే రెక్కకు అంటిన పొర మందమై ఆకారాన్నే మార్చినట్టు చేస్తుంది. బ్రిటన్‌లో ఆర్‌ఏఈ 2822 అనే ఏరోఫాయిల్ మీద సొరంగంలో తీసిన కొలతలు 1979లో వెలువడ్డాయి. మాక్ 0.73 ప్రాంతంలోని ఆ కొలతలతో ఈనాటికీ ప్రతి కొత్త ప్రోగ్రామునూ సరిచూస్తారు. అక్కడ అల్లకల్లోల ప్రవాహానికి వాడే నమూనాను మార్చితే షాక్ చోటు మారుతుంది. ఆ పొర విడిపోయి షాక్ ఊగే దశను నమ్మకంగా లెక్కకట్టడం ఇంకా పూర్తిగా చేతికి చిక్కని పని.

ఈ మాటలు వింటున్నవారిలో దుండిగల్, మేడ్చల్, మైసమ్మగూడ పరిసరాల ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు ఉంటారు. అక్కడ ఏరోనాటికల్ శాఖలున్న కాలేజీలున్నాయి. ప్రాజెక్టు పనికి సిద్ధంగా దొరికే సాఫ్ట్‌వేర్ తెరిచి, మీట నొక్కి, ఎరుపూ నీలమూ కలిసిన బొమ్మ తీసి నివేదికకు అంటించడం అలవాటైపోయింది. బొమ్మ అందంగా ఉంటుంది, అందులోని గాలి నిజమో కాదో చెప్పలేరు. మీ చేత్తో మీరే ఒక ప్రోగ్రాము రాయండి. రెండు కొలతలు, జిగట లేని గాలి, నాకా 0012. పైథాన్ వస్తే చాలు, ఒక సెమిస్టర్ సరిపోతుంది.

అయితే మాక్ 0.8తో మొదలుపెట్టకండి. ముందు మాక్ 0.63, కోణం రెండు డిగ్రీలు పెట్టండి. ఆ వేగంలో షాక్ రాదు. షాక్ లేదు, జిగట లేదు కాబట్టి నిరోధం సున్నా రావాలి. మీ ప్రోగ్రాము సున్నా చూపించదు, 0.003 అనో 0.001 అనో చూపిస్తుంది. ఆ అంకె గాలిది కాదు, మీ లెక్క తప్పుది. బిందువుల మధ్య దూరాన్ని సగం చేసి మళ్లీ నడపండి. రెండో తరగతి పద్ధతి సరిగ్గా రాసి ఉంటే ఆ తప్పు నాలుగో వంతుకు పడిపోవాలి. సగానికే తగ్గితే రెక్క అంచు దగ్గర మీ సరిహద్దు నియమాన్ని ఒకసారి తిరిగి చూడండి, ఎక్కువసార్లు అక్కడే మొదటి తరగతి దాగి ఉంటుంది. అది సరిచేసుకున్నాక మాక్ 0.8కు వెళ్లండి, కింది షాక్ 35 శాతం దగ్గర కనబడుతుందో లేదో చూడండి.